చింతకాయ నడచివచ్చిన త్రోవ

చింతచెట్టు పరదేశమునుండి వచ్చినదని చెప్పినచో గోదావరి సీమలో నమ్మువారు తక్కువ. ఊరి మొగదల, చెరువుగట్టున, గుడి వెనుక తోపులో తాతముత్తాతల నాటినుండి నిలిచియున్న చెట్టు అది. దాని చిగురు పప్పులోనికి వచ్చును; పచ్చికాయ పచ్చడిలోనికి వచ్చును; పండు ఏడాది పొడవునను పులుసులోనికి వచ్చును. దయ్యములు కాపురముండుటకు సైతము మన పెద్దలు ఆ చెట్టునే చూపించిరి. ఇంత దగ్గరి చుట్టమును పరాయిదనుట ఎట్లు? అయినను వృక్షశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము ప్రకారము చింతకు పుట్టినిల్లు ఉష్ణమండలపు ఆఫ్రికా. మడగాస్కరు దీవిని పేర్కొనువారు కొందరు కలరు. మన దక్షిణాపథమునందు సైతము అది మొదటినుండి అడవిచెట్టుగా ఉండెనేమో యని వాదించువారును లేకపోలేదు.

ఆ వివాదమును తేల్చుట మా ఉద్దేశము కాదు. మేము చెప్పదలచినది వేరొకటి. చింత ఎచ్చట పుట్టినను, అది ఇంత దూరము వ్యాపించుటకు కారణము దాని కాయ నిర్మాణములోనే ఉన్నది. ఆ కాయ మోయువారి కొరకు పుట్టిన కాయ. దానిని మోసినవారి కథ, అందును కొండమీదనుండి మన డెల్టాకు మోసినవారి కథ, మన జిల్లాల చరిత్రలో ఒక భాగము. వంటింటి జాడీలో మూతపడియుండుటచేత మనము దానిని చరిత్రగా ఎంచుట లేదు.

ముందుగా ఒక పండిన చింతకాయను చేతిలోనికి తీసికొని చూతము. వేలెడు మొదలు జానెడు వరకు పొడవు, కొంచెము వంకర, పిక్క ఉన్నచోట ఉబ్బు, లేనిచోట నొక్కు. పైన గోధుమవన్నె పెంకు. పచ్చికాయలో ఆ పెంకు గుజ్జును అంటిపట్టుకొని యుండును. కాయ పండినకొలది లోపలి గుజ్జు నీరు కోల్పోయి ముడుచుకొనును, పెంకు పెళుసై విడివడును. చెవి దగ్గర పెట్టి ఆడించినచో గలగల శబ్దము వచ్చును. పిల్లలకు ఈ పరీక్ష ఎవరును నేర్పనక్కరలేదు. పెంకు పగులగొట్టినచో, కాడనుండి కొనవరకు గుజ్జుమీద పరచుకొన్న ఈనెలు కనబడును. గుజ్జు నడుమ పలుచని తోలువంటి పొరతో కట్టిన గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పిక్క. చిన్నకాయలో ఒకటి రెండు, పెద్దకాయలో పది పండ్రెండు. తూకము చూచినచో 100 పాళ్లలో గుజ్జు సుమారు 55, పిక్కలు 34, పెంకును పీచును కలిసి 11. అనగా చింతపండు కొట్టువారు పారవేయునది దాదాపు సగము. ఈ లెక్కను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మరల దీనితో పని పడును.

చింత చిక్కుడుజాతికి చెందిన చెట్టు. కంది, పెసర, మినుము, ఉలవ దాని దాయాదులే. కాని ఆ దాయాదుల నడవడికకును దీని నడవడికకును పోలిక లేదు. మినుపకాయ ఎండలో పటపట చిట్లి గింజను తానే విదజల్లును. ఆలస్యముగా కోతకు వెళ్లిన రైతునకు ఆ సంగతి తెలియును. చింతకాయ చిట్లదు. చెట్టుననే నెలల తరబడి వేలాడును, క్రింద పడినను మూసికొనియే యుండును. నోరుగల ప్రాణి ఏదియో వచ్చి, పెంకు పగులగొట్టి, గుజ్జు తిని, పిక్కను వేరొకచోట పడవేయవలెను. గుజ్జు మోతకూలి, పిక్క అసలు సరకు. ఆ పిక్క పైపొట్టు ఎంత గట్టిదనగా పండ్లకును లొంగదు, కడుపులో పడినను అరగక బయటపడును. ఆఫ్రికాలో ఏనుగులును కోతులును ఈ మోత మోసినవి. మడగాస్కరులో చింతను కీలి అందురు. అచ్చటి నదీతీరపు అడవులలో, తోకమీద నలుపు తెలుపు పట్టెలుగల లీమరులకు సంవత్సరములో చాలభాగము చింతయే ఆహారము. మన దేశములో కోతి, దాని తరువాత మనిషి.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. మన సీమలో సీమచింత అను చెట్టు కలదు. కంచెలలో పెరుగును; చుట్టలు తిరిగిన కాయ, నల్లని గింజ, గింజ చుట్టును తెల్లనో గులాబివన్నెదో తీయని దూది వంటి గుజ్జు. అదియు చిక్కుడుజాతియే, దాని పుట్టిల్లు మెక్సికో మొదలగు అమెరికా దేశములు. ఆ చెట్టునకు మొదట శాస్త్రీయనామము పెట్టి లోకమునకు వర్ణించినవాడు విలియం రాక్స్‌బరో. ఆయన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను సాకిన వైద్యుడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లువరకు సామర్లకోటలోనే ఉండి మన చెట్లను, చేలను, వానలను వ్రాసి పెట్టినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథములో 1798లో ఈ సీమచింత అచ్చుపడినది. రెండు కాయలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. సీమచింతకాయ పండగానే తనంతట తాను విచ్చుకొని గింజను పక్షులకు చూపించును. చింతకాయ మూసికొనియుండి అడుగువాని కొరకు కనిపెట్టుకొని యుండును. మనవారు ఒకదానిని సీమది యనియు, రెండవదానిని ఏ విశేషణమును లేకుండ చింత యనియు పిలిచిరి. ముందు వచ్చిన పరదేశి ఇంటివాడైనాడు, వెనుక వచ్చినవానికి సీమ అను బిరుదు మిగిలినది!

చింత ముందు వచ్చినదనుటకు ఆధారములు కలవు. గంగామైదానమున నర్హన్ అనుచోట జరిగిన త్రవ్వకములలో చింతకట్టె బొగ్గు బయటపడినది. దాని కాలము క్రీస్తునకు పూర్వము వేయి సంవత్సరములకు పైమాటయే. అమరకోశము తింతిడీ, చించా, అమ్లికా అను పేర్లను చెప్పుచున్నది. ఈ మూడవ మాటనుండియే హిందీలోని ఇమ్లీ వచ్చినది. మన చింతకును సంస్కృతపు చించకును చుట్టరికము స్పష్టము; ద్రావిడభాషలనుండియే సంస్కృతము దానిని గైకొన్నదని భాషావేత్తలలో పలువురి అభిప్రాయము. మనసులోని చింత వేరు, అది సంస్కృతము. రెంటిని ముడిపెట్టి చమత్కారములు చేయువారు చేయుదురు గాక. తమిళులు పులి అని పులుపునకును చింతపండునకును ఒకే మాట వాడుదురు. మనము చెట్టునకు చింత అను పేరుంచి, ఆ రెండవ మాటను వంటకమునకు ఇచ్చితిమి: పులుసు.

ఆ పులుపును గూర్చి నాలుగు మాటలు. సామాన్యముగా పండు పండినకొలది దానిలోని ఆమ్లము తగ్గి తీపి పెరుగును. మామిడి అట్టిది. చింతలో తీపి పెరుగును గాని ఆమ్లము తగ్గదు. ద్రాక్షలో ఉండు టార్టారికామ్లమే ఇందును ఉండును. ఇతర ఫలములలో ఇంత మోతాదున దొరకుట అరుదు. గుజ్జులో నూటికి 8 మొదలు 18 వంతుల వరకు అదియే. చక్కెర దానికంటె ఎక్కువే యైనను నాలుకకు తెలియనీయదు. చింత చచ్చినను పులుపు చావదని మనవారు అన్నమాట రసాయనశాస్త్రమునకు సరిపోవుచున్నది. నీరు తక్కువ, ఆమ్లము ఎక్కువ, చక్కెర ఎక్కువ. ఇక చెడిపోవుటకు త్రోవ లేదు. ఈనెలు, పిక్కలు తీసి, ఉప్పు చల్లి జాడీలో అదిమినచో ఏడాది దాటినను చెక్కుచెదరదు. ఎర్రగా ఉన్నది నల్లబడును, అంతియే. అందువలననే పులిహోరకు కొత్తపండు, పులుసునకు పాతపండు అని మన ఇల్లాండ్రు ఏర్పాటు చేసికొనిరి.

ఈ ఆమ్లమునకు లోహముతో పడదు. కిలుము పట్టిన ఇత్తడిచెంబును చింతపండుతో తోమినచో తళతళలాడుట ఆ ఆమ్లము చేయు పనియే. అదే చెంబులో పులుసు కాచినచో కిలుము కడుపులోనికి పోవును. ఇత్తడిగిన్నెలకు కళాయి పోయుట, పులుసు కొరకు రాచిప్పను వేరుగా ఉంచుట ఇందుకే. వరదల రోజులలో గోదావరికి ఎదురీదివచ్చు పులసను మన్నుదాకలో చింతపులుసు పోసి వండి, మరునాటి వరకు ఆగి తినువారికి ఈ శాస్త్రము ఎవరును చెప్పలేదు. అయినను తప్పలేదు. ఆ దాకలోని మిరపకాయ అమెరికాది, పోర్చుగీసువారు వచ్చిన తరువాతిది. పులుపు ఆఫ్రికాది. చేప మాత్రము బంగాళాఖాతపుది.

ఎండినను చెడని ఈ గుణమే చింతపండును ఓడలకు ఎక్కించినది. అరబ్బు వర్తకులు మన రేవులలో దానిని ముద్దలుగా చూచి, తమ ఖర్జూరపు ముద్దలను తలచుకొని, తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరు పెట్టిరి. ఐరోపా భాషలలో ఆ పేరే అరిగి టామరిండ్ అయినది. మోటుపల్లి రేవునకు చెందిన రాజ్యమును, దానిని ఏలిన రాణిని వర్ణించిన మార్కోపోలో చింతపండును గూర్చియు ఒక ముచ్చట చెప్పినాడు. ఘూర్జరతీరపు ఓడదొంగలు తమకు చిక్కిన వర్తకులచేత చింతపండు కలిపిన సముద్రపునీరు త్రాగించెడివారట. వర్తకులు మింగిదాచిన ముత్యములును రత్నములును బయటపడునని! 1753లో లిన్నేయసు ప్రపంచపు మొక్కలకు పేర్లు పెట్టుచు దీనిని టామరిండస్ ఇండికా అని వ్రాసెను. హిందూదేశపు ఖర్జూరము అను పేరునకు మరల హిందూదేశపుది అను విశేషణము. ఆఫ్రికా పేరు ఒక్కసారియైనను రాలేదు. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ రాజధాని డాకర్ పేరే అచ్చటి వొలోఫ్ భాషలో చింతకుగల పేరునుండి వచ్చినదని ఒక వ్యుత్పత్తి చెప్పుదురు. అట్లయినచో మన చింతలపూడికి ఆఫ్రికాలో ఒక తోబుట్టువు ఉన్నట్లే.

కాయ పొడవును పిక్కల సంఖ్యను బట్టి, తూర్పుదేశపు చింత ఒకటి, పశ్చిమ ఇండియా దీవుల చింత మరియొకటి అని పూర్వపు శాస్త్రజ్ఞులు విడదీసిరి. తూర్పుది పొడవు, పిక్కలు ఆరు మొదలు పండ్రెండు. పడమటిది పొట్టి, పిక్కలు ఒకటి మొదలు నాలుగు. తరువాతివారు రెంటిని ఒకటిగానే కలిపివేసిరి. ఆ జాతికి ప్రపంచమున మరియొక తోడు లేదు, చింత ఏకాకి.

ఓడల మాట వచ్చినది గనుక కోరంగిని తలపక తప్పదు. 1839 నవంబరు ఉప్పెనకు గురియైన ఆ రేవునుండియే పందొమ్మిదవ శతాబ్ది తొలి సగమున మన తెలుగు కూలీలు మారిషస్ దీవి చెరకుతోటలకు వెళ్లిరి. అచ్చట వారికి కోరంగివారు అను పేరే స్థిరపడినది, బర్మాలోను అంతే. వారు దిగిన దీవికి మడగాస్కరు దూరము కాదు. చింతచెట్టు వారికంటె ముందే అచ్చట ఉన్నది. దీవి పడమటితీరమున టామరిన్ అను ఊరు సైతము కలదు. సముద్రముమీద వారముల తరబడి ప్రయాణించి, భాష తెలియని నేలమీద దిగినవారికి మొదట గుర్తుపట్టదగిన చెట్టు ఎదురైనది. అది తమ ఊరి చెట్టు అని వారు అనుకొనియుందురు. నిజమునకు చెట్టు తన ఇంటి వాకిటనే ఉన్నది; దూరము వచ్చినవారు వీరే.

ఇంతవరకు చెప్పినది చాలవరకు గుజ్జు కథ. పిక్కకు వేరే చరిత్ర కలదు. తిని ఉమిసినదానికి చరిత్ర ఏమనుకొనరాదు.

పిక్క మొదట ఆటవస్తువు. వామనగుంటల పీటకు రెండు వరుసలలో పదునాలుగు గుంటలు. గుంటకు ఇన్ని అని పిక్కలు పోసి, ఒక గుంటలోనివి తీసి వరుసగా పంచుకొనుచు పోవలెను. మధ్యాహ్నపు వేళ మండువాలో ఆడువారు ఆడిన ఈ ఆటలో లెక్క తప్పినవారు ఓడుదురు. అష్టాచెమ్మాలో గవ్వలు లేనిచో పిక్కలను ఒకప్రక్క నేలకు అరగదీసి తెల్లగా చేసి పందెము వేయుదురు. చింతకు పుట్టినిల్లైన ఆఫ్రికాలోను ఈ గుంటల ఆటలు అనేకము కలవు. ఘానా దేశమున ఓవారె అను ఆటకు పండ్రెండు గుంటలు, నలుబదియెనిమిది గింజలు. ఆ గింజలు మన గచ్చకాయలే. చింతతోబాటు ఆటయు వచ్చినదని అనరాదు; అట్లనుటకు సాక్ష్యము వేరుగా కావలెను. కాని రెండు ఖండముల ఆడువారి చేతులలోను చిక్కుడుజాతి గింజలే ఉండుట చూచుటకు ముచ్చటగా ఉన్నది.

కరవులో పిక్క ఆహారము. దాని పొట్టులో వగరుండును, కడుపునకు పడదు. వేయించి, పొట్టు రాలగొట్టి, పప్పును నానబెట్టి ఉడికించియో పిండిచేసియో తినవలెను. రాక్స్‌బరో సామర్లకోటలో ఉన్నప్పుడే, 1789 మొదలు 1792 వరకు, ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చినది. దానిని కన్నులార చూచినవాడు గనుకనే ఆయన, వానలు లేని కాలములో బీదలకు తిండిపెట్టగల చెట్లను నాటవలెనని కంపెనీవారికి వ్రాసెను. పైరు ఎండినను చెట్టు కాయును అను ఆయన ఆలోచన మన పల్లెలకు క్రొత్తది కాదు. చింతవేరు లోతు, వర్షము తప్పిన ఏట సైతము కాపు పూర్తిగా తప్పదు.

ఆ పప్పు ఉడికినచో చిక్కని జిగురగును. ఈ గుణమును శాస్త్రజ్ఞులకంటె ముందు కనిపెట్టినవారు చేతిపనివారు. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడు మక్కు చింతపిక్కల పిండియు రంపపుపొట్టును కలిపినదే. చేర్యాల నకాషీవారు పటము గుడ్డను గట్టిపరచుటకు ఆ జిగురునే వాడుదురు. దక్కనులో గొంగడి నేయువారు ఉన్నిదారమునకు చింతపిక్కల గంజియే పెట్టుదురు. మిల్లుల యజమానులకు ఈ సంగతి తెలియుటకు ప్రపంచయుద్ధము రావలసివచ్చినది. 1942లో టి. పి. ఘోష్, ఎస్. కృష్ణ అను ఇద్దరు మన శాస్త్రజ్ఞులు, పొట్టుతీసిన పిక్కపప్పులో నూటికి 46 మొదలు 48 వంతులు జిగురుకట్టు పదార్థమున్నదని ప్రకటించిరి. యుద్ధకాలమున గంజిపిండి కరవై నూలుమిల్లులు తల్లడిల్లుచున్న సమయమది. పడుగునకు పెట్టు గంజిలో బియ్యపుపిండికి, మొక్కజొన్నపిండికి మారుగా చింతపిక్కల పొడి ప్రవేశించెను. జనపనార మిల్లులును దానిని అందుకొనెను. నిన్నటివరకు పెంటపోగున పడినదానికి ధర పలికినది. ఈనాడు ఆ జిగురుపదార్థమును జైలోగ్లూకాన్ అందురు. జపానులో వంటదినుసులు చిక్కబరచుటకును, కొన్నిదేశములలో కంటిచుక్కల మందునకును అది పనికివచ్చుచున్నది. మన పిల్లలు అరగదీసి పందెమాడిన పిక్క!

ఇక మన డెల్టా మాట. చింతకు నీరు నిలుచు నేల గిట్టదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మన పల్లపుసీమను వరిమయము చేసినది. కాలువలు వచ్చినచోట కొబ్బరి, అరటి, చెరకు వచ్చినవి. ఆ మేలు కొలుచుటకు వీలుకానిది. కాని కాలువనీటి క్రింద వేళ్లు తడిసి నిలిచిన నేల చింతకు ఇల్లు కాలేదు. మెరకమీదను, చెరువుగట్లమీదను, గుళ్లలోను పాతచెట్లు మిగిలినవి. చింతలతోపులు చూడవలెనన్నచో గోకవరము, జంగారెడ్డిగూడెము, చింతలపూడి వైపు మెట్టకు పోవలెను. అంతకుమించి కొండలకు పోవలెను. ఊళ్ల పేర్లే చెప్పుచున్నవి: చింతలపూడి, శబరి ఒడ్డున చింతూరు, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట పోలీసుఠాణామీద పడిన చింతపల్లి.

కనుక పులుసు పల్లములోను పులుపు కొండలోను ఉన్నవి. రెంటి నడుమ వర్తకుడు. కొండకు కావలసినది ఉప్పు. అది మన సముద్రతీరమున పండును. రంపచోడవరము, మారేడుమిల్లి వైపు వారపుసంతలలో ఉప్పు, గుడ్డ ఇచ్చి చింతపండు, కుంకుళ్లు, తేనె గైకొనుట తరతరముల వాడుక. మన జాడీలో చింతపండుమీద చల్లిన ఉప్పుగల్లు ఒకప్పుడు దానిని కొన్న నాణెమే. కాని ఆ తక్కెడ సమముగా ఉండెడిది కాదు. వర్తకుడు ముందుగా అప్పిచ్చి, కాపునకు వచ్చిన పండును తన ధరకు తీసికొనిపోవును. 1879లో రంపలో చెలరేగిన పితూరీకి కల్లుపన్ను మొదలగు కారణములతోబాటు, పల్లపు వర్తకులు వ్రాయించుకొన్న పత్రములును, దూరపు కోర్టులలో కొండవారు హాజరు కాకుండగనే వచ్చిన డిక్రీలును కారణములని ప్రభుత్వ విచారణలోనే తేలినది. 1882లో మదరాసు అటవీచట్టము వచ్చిన తరువాత, తాతలు ఏరుకొన్న చెట్ల క్రిందనే మనుమలు అనుమతి అడుగవలసివచ్చినది. కొండరెడ్ల, కోయల గూడెములలో పలుచోట్ల, నేల ఎవరిదైనను ఈ చింత ఫలానా ఇంటివారిది అను కట్టుబాటు కలదు. ఆ హక్కును ఏ పటములోను గీయలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1956లో, విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అటవీఫలములను కొండవారివద్ద సరియైన ధరకు కొని, వారికి కావలసిన సరకులు అమ్ముట దాని పని. ఈ ఏర్పాటు మేలు చేసినదా యని అడిగినచో, చేసినదనియే మా అభిప్రాయము. దానితో వర్తకుని అప్పు పూర్తిగా అంతరించినదని మాత్రము అనలేము. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిలో ఏరుకొన్న చిన్న ఫలసాయముమీద ఏరుకొన్నవారికే యాజమాన్యమిచ్చినది. 2013–14లో కేంద్రప్రభుత్వము అటవీఫలములకు కనీస మద్దతుధర పథకమును ప్రారంభించినప్పుడు, మొదటి పట్టికలోనే చింతపండు చేరినది. ఆ పట్టికలో దాని పేరు ప్రక్కన పిక్కతో కూడినది అని వివరణ యున్నది.

ఇచ్చట మన మొదటి లెక్కతో పని పడినది. చెట్టెక్కి కొమ్మలు దులుపుట ప్రాణముతో చెలగాటము. క్రింద రాలిన కాయలను ఏరి, ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్క తీయుట ఇంటిల్లిపాది పని, ముఖ్యముగా స్త్రీల పని. మంచి ఏట పెద్దచెట్టు 150, 200 కిలోల కాయ కాయును. 100 కిలోలు కొట్టి శుభ్రము చేసినచో మిగులు గుజ్జు 55. పిక్కతో అమ్మినచో తూకము హెచ్చు, ధర తక్కువ. పిక్క తీసి అమ్మినచో ధర హెచ్చు, తూకమును దినములును పోవును. ఎవరు పిక్క తీయుదురో వారికి ఆ తేడా దక్కును. తీసిన పిక్క ఎవరివద్ద మిగులునో పొడిమిల్లు ధర వారికి దక్కును. అప్పు తొందరలో సంతకు దించినవానికి రెండును దక్కవు. ఈ లెక్క తెలిసినవారగుటచేతనే కొన్ని గూడెములలో స్త్రీల సంఘములు పిక్కతీసి, ముద్దలుగా ఒత్తి అమ్ముట మొదలిడినవి.

గోదావరికి ఇరుప్రక్కల పోలవరము ప్రాజెక్టు నీరు నిలుచు మేర కొండరెడ్ల, కోయల పల్లెలు అనేకము ఉన్నవి. దేవీపట్నము మొదలుకొని పైకి చాల ఊళ్లు ఇప్పటికే ముంపునకు లోనై ఖాళీ అయినవి. అచ్చటివారు మెట్టమీది పునరావాస కాలనీలకు చేరిరి. ఇంటికి ఇల్లు, నేలకు నేల ఇచ్చుట చట్టములో ఉన్నది. చెట్టునకును వెల కట్టుదురు. వెల కట్టిన చెట్టు నూరేండ్లది, ఇంకొక నూరేండ్లు కాయవలసినది. కాలనీ పెరటిలో నేడు నాటిన పిక్క మొలచుటకు రెండువారములు చాలును. తొలికాపునకు ఏడు మొదలు పది సంవత్సరములు పట్టును. సంతకు మోయదగినంత కాయుటకు మరికొన్ని సంవత్సరములు ఆగవలెను. అంతవరకు ఆ ఇంటివారు పులుసునకు పండు కొట్టులో కొనుక్కొనుచున్నారు.